మెడ మెటిక

వాసంతి చేతులల్ల దమ్ము లేదని ఎవలన్న అంటె చాలు, ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతది. గా రోషమే కొంప ముంచింది. ఆమె కొంప ముంచితె ఆమె ఖర్మ అనుకుందుము. ముంచింది పాపం శ్యామలమ్మ కొంప.

హన్మకొండ బస్టాండ్ ఎనుక సందుల, మెడికల్ షాపు పైన వాసంతి సెంటర్. ఆడోళ్లకు మాత్రమే అని బోర్డు మీద రాసి ఉంటది. రెండు బల్లలు, నడుమ ఒక పరదా, మూలకు నూనె వేడి చేసే గిన్నె, గంతే. ఎవలన్న ఎక్కి వచ్చి "పార్లరా అక్కా?" అంటె, "కాదమ్మా, బాడీ థెరపీ" అని దిద్దుతది. దిద్దనీయుండ్రి, తప్పేమున్నది, ఊరికె నేర్చుకున్న పనా అది? కాజీపేట అనీస్ బేగం కాడ నేర్చుకున్నది. అనీస్ ఆపా అంటె మామూలు మనిషి గాదు. నేర్చుకోను వచ్చిన పిల్లలతోని వారాలకు వారాలు ఒట్టి తల పట్టుకునుడే చేయించేది. మనిషిని ఎల్లెలకల పండవెట్టి, తలాపున కూసోని, రెండు అరచేతులు పుర్రె కింద పెట్టాలె. తల బరువంత చేతులల్లకు దిగేదాక కదలొద్దు. "తల వాళ్లే ఇయ్యాలె బేటీ. నువ్వు గుంజుకోకు," అనేది ఆపా. ఆ తర్వాత చెవి ఎనుక బొక్క కాడికెల్లి భుజం దాక బొటనేలు మెల్లగ జరుపుకుంట రావాలె. గడ్డ తగిలిన కాడ ఆగి, ఒత్తి పట్టుకోని, పండుకున్న మనిషి ఊపిరి పొడుగయ్యేదాక ఓపిక పట్టాలె. మెడ ముందటి దిక్కు చెయ్యే పోవద్దు. ఇన్ని చెప్పినంక ఆఖరుకు ఒక్క మాట గట్టిగ చెప్పేది.

"మెడను ఒత్తు, నిమురు, పట్టు. తిప్పి ఇరవకు. తలకాయకు పోయే నెత్తుటి నాళాలు ఆ బొక్కల సందులకెల్లే పోతయ్. చప్పుడు కోసం ఎప్పుడన్న చెయ్యి ఆడించినవంటె, నా దగ్గర నేర్చుకున్ననని ఎవలకు చెప్పకు."

వాసంతి గా మాటను కండ్లకద్దుకున్నది. మస్తు దినాలు ఆ మాట దాటలే.

శ్యామలమ్మది కొత్తవాడ. ఇంట్ల జంపఖానాల మగ్గం ఉన్నది. కొడుకు కృష్ణమోహన్ నేస్తడు, తల్లి పక్కపొంటి కూసోని కండెలు చుడ్తది. కుడి చేత్తోని రాట్నం తిప్పుకుంట, ఎడమ చేతి ఏళ్ల నడుమకెల్లి పోగు ఇడుసుకుంట, తల ఒక దిక్కు వంచి పొద్దంత కూసుంటె మెడ ఏం కావాలె? ఎడమ దిక్కు కండ తాడు లెక్క బిగుసుకపోయేది. వారానికి ఒక్కసారి ఆటోల వచ్చి, మెట్లెక్కుకుంటనే "ఓ వాసంతీ, ఉన్నవా?" అని కేకేసేది. బల్ల మీద పండుకున్నదంటె ఇగ ఒకటే మాట.

"జర గట్టిగ ఒత్తు బిడ్డా. పొద్దుగాల ఏం తినలేదా ఏంది?"

వాసంతి ఒత్తేది.

"ఇంక జర గట్టిగ."

"ఇంతకంటె ఒత్తితె కమిలిపోతది అవ్వా."

"కమిలితె నాది కమిలె, నీదేం పోయె?"

పని అయినంక లేచి కూసోని, రెండు చేతులు వాసంతి మొఖం చుట్టు తిప్పి, తన కణతలకు ఆనిచ్చి పటపట మెటికలు ఇరిచేది. ఇంత మంది మెడలు పట్టే చేతులకు దిష్టి తగులుతదని ఆమె భయం. వాసంతికి తల్లి లేదు. చిన్నప్పుడే పోయింది. గా మెటికల చప్పుడు ఇనబడితె ఆమెకు ఆ వారమంత కడుపు నిండినట్టుండేది.

అన్ని బాగనే ఉన్నయ్ గని శ్యామలమ్మకు ఒక్క కొరత. ఆమె పెనిమిటి బతికున్నప్పుడు కటింగ్ షాపుకు పోతె, పని అయినంక తల పట్టుకోని ఇటు ఒకపారి అటు ఒకపారి తిప్పి టక్కు టక్కున మెడ మెటిక ఇరిచెటోళ్లట. ఇంటికొచ్చి "తలకాయ దూది లెక్క తేలికయిందే" అని మురిసెటోడట. మొగోళ్లకున్న సుఖం ఆడోళ్లకు ఎందుకు లేదని శ్యామలమ్మ పంచాయితి. వచ్చినప్పుడల్ల ఆమె అడుగుడు, వాసంతి వద్దనుడు. నవ్వుకుంట అడిగేది, నవ్వుకుంటనే వద్దనేది.

ఆ శుక్రవారం పొద్దుగాల మాత్రం సెంటర్ల ఇద్దరు కొత్తోళ్లున్నరు. ఒకామె పేరు రుహీ, బ్యాంకుల పని చేస్తది, పొద్దంత కంప్యూటర్ చూసి చూసి మెడ పట్టేసిందని దోస్తును తోలుకోని వచ్చింది. ఇద్దరు పరదా అవతల కుర్చీలల్ల కూసోని తమ వంతు కోసం చూస్తాన్రు. ఇవతల శ్యామలమ్మ మొదలు పెట్టింది.

"ఏంది బిడ్డా, నా ఏళ్లు చూడు, ఎన్ని మెటికలు ఇరుగుతయో. నీ చేతుల నా మెడ ఒక్క చప్పుడన్న చెయ్యదాయె. చాత గాదంటె చాత గాదని చెప్పరాదు? కటింగ్ షాపాయన్నే బతిలాడుకుంట."

పరదా అవతల కిసకిస నవ్విన్రు.

శ్యామలమ్మ పరాష్కమాడింది, గంతే. ఎన్ని సార్లు ఆడలేదు! గని కొత్తోళ్లు నవ్వేసరికి వాసంతికి చెవులు వేడెక్కినయ్. నాకు చాత గాదా? ఇన్నేండ్లు ఈ చేతులతోని పని చేస్తాన్న, నాకు చాత గాదా? ఫోన్ల మెడలు ఇరిచే వీడియోలు ఆమె గూడ చూసింది. ఎట్ల చేస్తరో తెల్వక గాదు గద, వద్దన్నరని చేస్తలేదు గని. ఒక చెయ్యి శ్యామలమ్మ గదుమ కిందికి పోయింది, ఒక చెయ్యి తల ఎనుకకు పోయింది. పాపం ఆ ముసలామె ఎప్పటి లెక్కనే తలను మొత్తం ఆమె చేతులల్ల పెట్టి కండ్లు మూసుకున్నది.

టక్.

ఎంత చప్పుడంటె పరదా అవతల రుహీ "అబ్బో!" అన్నది. శ్యామలమ్మ ఒక్కసారి ఉలికిపడి, కండ్లు తెరిచి, పకపక నవ్వింది. "గదీ! ఇన్ని దినాలు యాడ దాచినవే?" అని లేచి కూసోని, ఎప్పటికంటె గట్టిగ మెటికలు ఇరిచి దిష్టి తీసింది. రుహీ పరదా పక్కకు జరిపి, "నాకు కూడా అట్లనే చేయాలి అక్కా," అన్నది. నిజం చెప్పాలె గద, గా గడియల వాసంతికి తప్పు చేసిన అనిపించలే. గెలిచిన అనిపించింది. రుహీకి మాత్రం "రేపు చేస్త, ఇయ్యాల మామూలుగ ఒత్తుత" అన్నది. రేపు అని ఎందుకన్నదో ఆమెకే తెల్వది.

పొద్దుమూకి దీపాలు పెట్టే యాళ్లకు కృష్ణమోహన్ ఫోన్ చేసిండు.

"అక్కా, అమ్మకు తల తిరుగుతాందట. రెండుసార్లు కక్కింది. మెడ ఎనుక బాగ నొస్తాందంటాంది. జర వచ్చి ఒత్తిపోతవా? నీ చెయ్యి పడితెనే తగ్గుతదంటాంది."

వాసంతి ఫోన్ పెట్టేసి, ఆటో పట్టుకోని ఉరికింది. శ్యామలమ్మ మగ్గం పక్కన జంపఖానా మీద ఒక దిక్కు ఒరిగి పండుకున్నది. ఈమెను చూడంగనే "వచ్చినవా బిడ్డా, జర మెడ పట్టు" అని తల ముందుకు వంచింది. వాసంతి రెండు చేతులు ఎనుకకు పెట్టుకున్నది.

"మెడ ఎవ్వలు ముట్టొద్దు. దవాఖానకు పోదాం, లెవ్వుండ్రి."

"గ్యాసేమో అక్కా," అన్నడు కృష్ణమోహన్.

"గ్యాసో ఏందో డాక్టర్ చెప్పనీ. పోదాం పా."

పోదాం పా అన్నది గని ఎందుకో చెప్పలే. నోటి దాక వచ్చింది, మింగింది.

దవాఖానల డ్యూటీ డాక్టరమ్మ చిన్నపిల్లనే గని ఓపికగ చూసింది. బీపీ చూసింది, కండ్లల్ల లైటు కొట్టింది, చేతులు లేపమన్నది. అన్ని చూసి అడిగింది. "ఎక్కడైనా పడ్డారా అమ్మా? తలకు దెబ్బ తగిలిందా? మెడకు ఏమన్నా అయిందా?"

శ్యామలమ్మ కండ్లు మెల్లగ తిరిగి వాసంతి మీద ఆగినయ్. వాసంతి మంచం కాళ్ల దిక్కు నిలబడి ఉన్నది.

"ఏం కాలేదమ్మా," అన్నది శ్యామలమ్మ. "పొద్దంత కండెలు చుట్టిన, గంతే."

డాక్టరమ్మ వాసంతి దిక్కు గూడ చూసింది. ఇంటోళ్లే అనుకున్నట్టున్నది. అప్పుడన్న చెప్పాలె గద! నోరు పడిపోయిందా? తేలు కుట్టిన దొంగ లెక్క నిలబడ్డది మహాతల్లి. చెవి లోపలి దోషంతోని గూడ ఇట్ల తల తిరుగుతదని చెప్పి, డాక్టరమ్మ గోలీలు రాసి, ఎక్కువయితె వెంటనే తోలుకరమ్మన్నది. కృష్ణమోహన్ మందుల కోసం పోంగనే శ్యామలమ్మ వాసంతి కొంగు పట్టి దగ్గరికి గుంజుకున్నది.

"నీ పేరు తియ్యలే బిడ్డా. నువ్వు గూడ తియ్యకు. దుకాణం మీద నలుగురు నాలుగు మాటలంటె ఎట్ల బతుకుతవ్? అడిగింది నేనే గద. రేపటికి తగ్గుతది తియ్యి."

"సరే అవ్వా," అన్నది వాసంతి.

మెడ ఇరిచింది రోషంల. దానికన్న ఒక సాకు చెప్పుకోవచ్చు. ఈ "సరే"కు ఏం సాకు చెప్పాలె?

ఇంటికొచ్చి అన్నం ముందట కూసున్నది. తనకు తానే ధైర్యం చెప్పుకున్నది. డాక్టరమ్మ చూసింది గద. గోలీలు ఇచ్చింది గద. ఎంత మంది కటింగ్ షాపులల్ల మెడలు ఇరిపిచ్చుకుంటలేరు, వాళ్లందరికి ఏమన్న అయితాందా? ఆపాకు ఫోన్ చేద్దామని పేరు దాక పోయి ఆగింది. చేస్తె ఆపా ఒక్కటే అడుగుతది, డాక్టర్‌కు చెప్పినవా అని. గా ప్రశ్న ఇనలేక ఫోన్ బోర్లేసి పెట్టింది. అంటె ఏం చెయ్యాల్నో ఆమెకు తెల్సు. తెల్సే చెయ్యలే. పొద్దుగాల లేచి, ఏం కానట్టు పోయి సెంటర్ తెరిచింది.

తెరిచీ తెరవంగనే రుహీ వచ్చింది.

"నిన్న ఆ అమ్మకు చేసినట్టే కావాలి అక్కా. రేపు అన్నరు కదా," అని నవ్వుకుంట బల్ల మీద పండుకున్నది.

వాసంతి తలాపున కూసోని ఆ పిల్ల పుర్రె కింద అరచేతులు పెట్టింది. రుహీ ఊపిరి ఇడిచి తల మొత్తం చేతులల్ల పెట్టేసింది. కొందరికి ఎంతసేపైన రాదు గా తల ఇచ్చుడు, ఈ పిల్ల చిటికెల ఇచ్చింది. ఏళ్ల కొసలకు మెడ పక్కన నాడి తగులుతాంది. టపటప కొట్టుకుంటాంది. నిన్న శ్యామలమ్మది గూడ ఇట్లనే కొట్టుకున్నది గావచ్చు. చప్పుడు మీద ధ్యాసతోని దాన్ని పట్టించుకున్నదెవలు? మెల్లగ, పసిపిల్లను పండవెట్టినట్టు, గా తలను దిండు మీద పెట్టింది.

"ఏమైంది అక్కా?"

"నేను చెయ్యనమ్మా. నిన్న చేసింది తప్పు. ఎవలతోని చేయించుకోకు," అన్నది వాసంతి. గా మాట నోట్లెకెల్లి బయటపడంగనే ఆమెకు దుఃఖం ఆగలే. రుహీ పరేషాన్ అయ్యి చెప్పులు ఏసుకోని బయటపడంగనే ఈమె షట్టర్ గుంజి కిందికి దిగి ఆటో ఎక్కింది.

కొత్తవాడల ఇంటికి పోయేసరికి మగ్గం ఆడుతాంది. ఆ చప్పుడు ఇని వాసంతికి పానం లేచొచ్చింది. తగ్గినట్టున్నది దేవుడా అనుకున్నది. లోపలికి పోయి చూస్తె శ్యామలమ్మ రాట్నం ముందట కూసోని ఉన్నది. ఎడమ చేతిలకెల్లి పోగు జారిపోతాంది. కుడి చేత్తోని తీసి ఎడమ చేతి ఏళ్ల నడుమ పెట్టుకుంటాంది, మళ్ల జారిపోతాంది.

"ఏళ్లకు నిద్రొచ్చింది బిడ్డా," అని నవ్వింది. మాట ముద్దముద్దగ వచ్చింది. నవ్వు ఒక దిక్కే వచ్చింది.

"కృష్ణమోహన్! లెవ్వు! ఆటో బయట్నే ఉన్నది, అమ్మను ఎత్తుకో!" అని వాసంతి అరిచింది. కృష్ణమోహన్ పోగు నేసే నాడె చేతుల పట్టుకోని అట్లనే చూసిండు. "నిన్న మీ అమ్మ మెడ నేనే తిప్పిన. టక్కుమనేటట్టు ఇరిచిన. లోపల నెత్తుటి నాళం చినిగి ఉంటది. నడువు, జల్ది నడువు."

ఆటోల తల్లిని ఒడిల పట్టుకోని కూసున్నడు కృష్ణమోహన్. సగం తొవ్వ పోయినంక అడిగిండు.

"నిన్న డాక్టరమ్మ అడిగినప్పుడు నువ్వు ఆడనే ఉన్నవ్ గదక్కా?"

"ఉన్న."

ఆయన మొఖం తల్లి దిక్కు తిప్పుకున్నడు. తిట్టినా బాగుండు, ఒక్క దెబ్బ కొట్టినా బాగుండు అనిపించింది వాసంతికి.

దవాఖానల నిన్నటి డాక్టరమ్మే ఉన్నది. ఈసారి వాసంతి ఎవలు అడగక ముందే, ఏ చెయ్యి యాడ పెట్టింది, ఏ దిక్కు తిప్పింది, ఎప్పుడు తిప్పింది, అంత చెప్పింది. డాక్టరమ్మ మొఖం మారిపోయింది. అప్పటికప్పుడు స్కానింగ్‌కు తీస్కపోయిన్రు. మెడ ఎనుక నాళం లోపలి పొర చినిగింది. ఆడ గడ్డకట్టిన నెత్తురు ముక్క మెదడుకు పోయింది. నెత్తురు పల్చగ చేసే మందు మొదలుపెట్టిన్రు. మాపటికి డాక్టరమ్మ బయటికొచ్చి, పానానికి ఇగ భయం లేదన్నది, మాట గూడ మెల్లగ తేటపడుతదన్నది, ఎడమ చెయ్యి ఎంతవరకు వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నది.

"నిన్ననే చెప్పి ఉంటె?" అని అడిగింది వాసంతి. ఎందుకు అడిగిందో! పుండు మీద తానే కారం చల్లుకునెటోళ్లు ఉంటరు.

"నిన్ననే స్కాన్ చేసేవాళ్లం," అన్నది డాక్టరమ్మ.

దవాఖాన మెట్ల మీద కూసోని వాసంతి అప్పుడు ఆపాకు ఫోన్ చేసింది. ఏడ్సుకుంట మొత్తం చెప్పింది.

"చప్పుడు మంచిగ వచ్చిందా బేటీ?" అన్నది అనీస్ ఆపా.

గంతే అన్నది. ఫోన్ పెట్టేసింది.

సెంటర్ షట్టర్ మళ్ల తెరవలే. మెడికల్ షాపు కాడ నలుగురు నాలుగు మాటలన్నరు, శ్యామలమ్మ భయపడ్డట్టే. పోలీసు కంప్లయింట్ ఇయ్యమని చుట్టాలు కృష్ణమోహన్ మీద ఎగబడ్డరట. ఇచ్చినవంటె నా పీనుగును చూస్తవని శ్యామలమ్మ కొడుకుతోని ఒట్టు ఏయించుకున్నదట. ఇస్తెనే బాగుండని వాసంతికి ఎన్నోసార్లు అనిపించింది.

శ్యామలమ్మను ఇంటికి తోలుకొచ్చిన్రని తెల్సినంక గూడ పోను ధైర్యం చాలలే. మా ఇంటి గడప తొక్కకు అంటరేమో అని ఒక భయం. రా బిడ్డా అంటరేమో అని అంతకంటె పెద్ద భయం. ఆఖరుకు ఒక దినం పొద్దుగాల పోయింది. కృష్ణమోహన్ మగ్గం కాడ ఉన్నడు. రమ్మనలే, పొమ్మనలే. నేసుకుంటనే ఉన్నడు. రాట్నం మూలకు జరిపి ఉన్నది, దాని మీద బట్ట కప్పి ఉన్నది. శ్యామలమ్మ గోడకు ఒరిగి కూసోని ఉన్నది, ఎడమ చెయ్యి ఒడిల పెట్టుకోని. మాట జర మెత్తగున్నది గని తేటగనే ఉన్నది. తిట్లు ఎప్పటి లెక్కనే ఉన్నయ్.

"సిగ్గున్నదానే నీకు? ఇన్ని దినాలకు కనబడ్డవ్. నేను దాచిన గదనే! పానం మీదికొచ్చినా నీ పేరు తియ్యలే. నీ అంతట నువ్వే చెప్పుకున్నవట. దుకాణం బంద్ చేసుకున్నవట. ఎవలు చెప్పమన్నరే నిన్ను?"

వాసంతి ఆమె కాళ్ల కాడ నేల మీద కూసున్నది.

"నువ్వు నన్ను దాచినవ్ అవ్వా. నేను గూడ నన్నే దాచుకున్న. ఆ దినం ఆడ నిన్ను చూసుకునెటోళ్లే ఎవలు లేకపోయిరి."

మగ్గం చప్పుడు ఆగింది. శ్యామలమ్మ కొంగుతోని కండ్లు తుడుసుకున్నది, కుడి చేత్తోనే. జరసేపయినంక మగ్గం మళ్ల మొదలైంది.

"మెడ అడుగను తియ్యి," అన్నది శ్యామలమ్మ. "డాక్టరమ్మ మెడ ముట్టొద్దన్నది. చెయ్యిని రోజు ఒత్తమన్నదట. వీడు ఒత్తుతడు గని మగ్గాన్ని గుంజినట్టు గుంజుతడు. నువ్వు ఒత్తు."

వాసంతి కృష్ణమోహన్ దిక్కు చూసింది. ఆయన తల ఎత్తలే. వద్దని గూడ అనలే. వాసంతి చేతులు కడుక్కోని వచ్చి, కొబ్బరినూనె అరచేతుల ఏసుకోని వేడెక్కేదాక రుద్ది, గా ఎడమ చేతిని తన ఒడిలకు తీసుకున్నది. పోగులు ఇడిసి ఇడిసి చూపుడు వేలు మీద గీత పడి ఉన్నది. మణికట్టు కాడ మొదలుపెట్టింది. అరచెయ్యి నడుమ బొటనేలు ఆనిచ్చి చుట్టూ తిప్పింది. తర్వాత ఒక్కొక్క వేలు, మొదట్ల కాడికెల్లి గోరు దాక. శ్యామలమ్మ కండ్లు మూసుకోని కూసున్నది, సెంటర్ల బల్ల మీద పండుకున్నప్పటి లెక్కనే.

"మొదలుపెట్టు బిడ్డా," అన్నది.

వాసంతి నడిమి ఏలు కాడ ఉన్నది. అప్పటికే బొటనేలు నొచ్చేదాక ఒత్తుతాంది.

"మొదలుపెట్టిన అవ్వా."

శ్యామలమ్మ కండ్లు తెరిచి చేతి దిక్కు చూసుకున్నది.

"అట్లనా," అన్నది. "అయితె జర గట్టిగ ఒత్తు."

వాసంతి ఇంక జర గట్టిగ ఒత్తింది.